పెళ్లికి పాత పట్టుచీర కట్టాలంటే: 45 రోజుల ముందు నుంచి ఏం చేయాలి, ఏ వరుసలో చేయాలి

"ఈసారి పెళ్లికి కొత్తది కొనను, ఉన్న చీరే కడతాను. ఎలా సిద్ధం చేసుకోవాలి?" ఈ మధ్య నన్ను ఎక్కువమంది అడుగుతున్న ప్రశ్న ఇదే. ఒకరిది అమ్మ పెళ్లిచీర, ఇంకొకరిది పదేళ్ల కిందటి తన రిసెప్షన్ చీర, ఒకాయనది తన పెళ్లి సూటు. కొనే స్తోమత ఉండి కూడా బీరువాలో ఉన్నదాన్నే బయటికి తీయాలనుకునేవాళ్లు పెరుగుతున్నందుకు నాకు నిజంగా సంతోషంగా ఉంది. కానీ దాదాపు అందరూ ఒక్కచోటే దెబ్బతింటున్నారు. ఫంక్షన్‌కు మూడు రోజుల ముందు బట్ట బయటికి తీస్తున్నారు.

నేనూ అదే చేశాను. మా అక్క కూతురి పెళ్లికి అమ్మ మెరూన్ రంగు పట్టుచీర కట్టాలనుకుని, నాలుగు రోజుల ముందు తీసి, ఇస్త్రీ చేయించి కట్టేశాను. మా వైజాగ్‌లో మధురవాడ వైపు ఒక ఫంక్షన్ హాల్లో తలంబ్రాల వేళ కింద కూర్చోబోతుంటే మోకాలి దగ్గర చర్రుమంది. కంగారులో చిరుగు మీద పిన్నీసు పెట్టాను. పిన్నీసు గుచ్చిన చోట పట్టు ఇంకా సాగి, బెత్తెడు చిరుగు జానెడైంది. ఆ చీర 28 ఏళ్లు ఒకే మడతలో ఉంది, సరిగ్గా ఆ మడత మీదే చిరిగింది. నెల ముందు విప్పి దీపానికి ఎదురుగా పట్టుకుని ఉంటే ఆ గీత కనిపించేదే.

అందుకే ఈ మార్గదర్శి అంతా ఒక వరుస మీద నడుస్తుంది: ముందు పరీక్ష, తర్వాత మరమ్మతు, ఆ తర్వాత శుభ్రం, చివర్లో ఇస్త్రీ. చాలామంది ఇస్త్రీతో మొదలుపెడతారు. మరక మీద వేడి తగిలితే ఆ మరక బట్టకు పట్టేస్తుంది, ఇక వదలదు.

## 1. ముహూర్తం నుంచి వెనక్కి లెక్కపెట్టండి

క్యాలెండర్ మీద ఈ తేదీలు పెన్నుతో గుర్తు పెట్టుకోండి.

- 45 రోజుల ముందు: బయటికి తీసి గాలి పట్టించడం, పరీక్ష
- 40 రోజుల ముందు: కట్టగలమా, వేరేగా మార్చాలా అని తేల్చుకోవడం
- 35 రోజుల ముందు: రఫూ (చిరుగును దారంతో నేసినట్టు కలపడం) పనికి ఇవ్వడం, జాకెట్టు గుడ్డ కొనడం
- 25 రోజుల ముందు: మరకలు, డ్రై క్లీనింగ్
- 15 రోజుల ముందు: కొత్త ఫాల్ (కింది అంచుకు లోపలి వైపు కుట్టే గుడ్డ పట్టీ), జాకెట్టు మొదటి ట్రయల్
- 10 రోజుల ముందు: పూర్తిగా కట్టుకుని రిహార్సల్
- 3 రోజుల ముందు: ఇస్త్రీ
- ముందురోజు: సంచి సర్దడం

మాఘమాసం, శ్రావణమాసం లాంటి పెళ్లిళ్ల రోజుల్లో టైలర్ల దగ్గర, మగ్గం వర్క్ వాళ్ల దగ్గర బట్టలు గుట్టలుగా పడి ఉంటాయి. అప్పుడు ఈ లెక్కకు ఇంకో 15 రోజులు కలపండి.

ఫంక్షన్‌కు వారమే ఉందా? అయితే పాతికేళ్ల పట్టు జోలికి ఈసారి వెళ్లకండి. గత నాలుగైదేళ్లలో కట్టిన గట్టి చీర ఒకటి తీసి, జాకెట్టు మాత్రం మార్చుకోండి. అదీ తిరిగి కట్టడమే. అమ్మ చీరను వచ్చే ఫంక్షన్‌కు ఇప్పటి నుంచే మొదలుపెట్టండి.

## 2. గాలి పట్టించడం

మన వైజాగ్‌లో బట్టకు పురుగు కన్నా పెద్ద శత్రువు తేమ. సముద్రపు గాలిలో ఉప్పు ఉంటుంది, ఆ ఉప్పు తేమను లాక్కుంటుంది. అందుకే బీచ్ రోడ్డుకు దగ్గరగా ఉన్న ఇళ్లలో జాకెట్టు హుక్కులు త్వరగా తుప్పు పడతాయి, జరీ త్వరగా నల్లబడుతుంది. ఇంకెక్కడో పొడి ఊళ్లో ఉన్నవాళ్లు చెప్పే చిట్కాలు మనకు అన్నీ సరిపోవు.

1. ప్లాస్టిక్ కవరులో ఉంటే ముందు దాన్ని తీసి పారేయండి. లోపల చిక్కిన తేమకు బయటికి దారి ఉండదు.
2. పొద్దున్నే ఆరేయకండి. తెల్లవారుజామున గాలిలో తేమ ఎక్కువ. 11 నుంచి 3 గంటల మధ్య, ఎండ ముదిరాక గాలి కాస్త పొడిబారుతుంది, అప్పుడు తీయండి.
3. ఎండలో వద్దు. నీడలో, గదిలో ఫ్యాన్ కింద, మంచం మీద శుభ్రమైన దుప్పటి పరిచి దాని మీద విప్పండి. సముద్రం వైపు బాల్కనీలో తీగ మీద వేయకండి.
4. రోజుకు రెండు గంటల చొప్పున మూడు రోజులు. ప్రతిరోజూ బట్టను తిరగేయండి.

తెల్లగా బూజు కనిపిస్తే తడిగుడ్డతో తుడవాలనిపిస్తుంది. అలా చేస్తే బూజు నేతలోకి దిగుతుంది. పూర్తిగా ఆరనిచ్చి, వరండాలోకి తీసుకెళ్లి, మెత్తటి బ్రష్‌తో నేత వాటంగా దులపండి. ముక్కుకు గుడ్డ కట్టుకోండి.

కలరా ఉండల వాసన మూడు రోజుల గాలికి చాలావరకు పోతుంది. వాసన పోగొట్టడానికి సెంటు మాత్రం కొట్టకండి. పట్టు మీద మరక పడుతుంది, జరీ నల్లబడుతుంది.

## 3. మంచం మీద పరీక్ష

ఈ మెట్టుకు తీరిగ్గా రెండు గంటలు పెట్టుకోండి. మిగతా పనంతా దీని మీదే ఆధారపడుతుంది. పగటి వెలుతురు, ఒక టార్చి, రెండు రంగుల దారం, సన్నటి సూది దగ్గర పెట్టుకోండి. చేతులకు క్రీము ఉండకూడదు. ఉంగరాలు, గాజులు తీసేయండి.

మడతల పరీక్ష. ఇంకొకరి సాయంతో చీరను కిటికీకి ఎదురుగా ఎత్తి పట్టుకోండి. మడత గీతల వెంట సన్నటి వెలుతురు చుక్కలు కనిపిస్తే అక్కడ దారాలు తెగడం మొదలైందన్నమాట. ఇప్పుడు ఆ మడతకు అటూ ఇటూ రెండు బొటనవేళ్లు పెట్టి, చాలా మెల్లగా పక్కలకు లాగండి. గట్టి పట్టు కొంచెం సాగి నిలుస్తుంది. నీరసించిన పట్టు సన్నగా చిటపటమంటుంది. ఆ చప్పుడు వినిపించగానే ఆపేయండి.

దారాల గుర్తులు. నాకు అన్నిటికన్నా ఉపయోగపడిన పద్ధతి ఇది. మరక ఉన్న చోట పసుపు దారం, చిరుగు లేదా పలుచన ఉన్న చోట ఎర్ర దారం ఒక్క పోగు వదులుగా గుచ్చి ముడి వేయండి. చీర మొత్తం అయ్యాక, ఇంట్లోనే నైటీ మీద మామూలుగా ఒకసారి చుట్టుకోండి. లోపలి కొస నుంచి మొదటి చుట్టు సుమారు ఒక మీటరు పూర్తిగా లోపలికే పోతుంది. కుచ్చిళ్లలో సగం గుడ్డ మడతల వెనక దాగుతుంది. అద్దం ముందు నిలబడితే ఎన్ని దారాలు బయటికి కనిపిస్తున్నాయో తెలుస్తుంది.

మా ఇంట్లో 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫానుకు కిటికీ అద్దం పగిలి, బీరువా కింది అరలోకి నీళ్లు పోయాయి. ఒక నీలం చీరకు అంచు రంగు దిగి, చీర ఒంటి (అంచుల మధ్య గుడ్డ) మీద ఎర్రటి చారలు పడ్డాయి. ఇక పనికిరాదనే అనుకున్నాను. దారాలు కట్టి చుట్టుకుని చూస్తే తొమ్మిదిలో ఏడు గుర్తులు లోపలి చుట్టులోకే వెళ్లాయి. మిగిలిన రెండిటిలో ఒకటి కుచ్చిళ్ల మడతలోకి సర్దుకుంది. ఆఖరిది పైట వెనక భాగంలో ఉంది. అక్కడ అంచు రంగులోనే చిన్న మామిడి పిందె కుట్టించాను. ఆ చీర ఇప్పటికీ కడుతున్నాను.

పట్టేనా కాదా. లోపలి కొసన వేలాడే ఒక్క పోగు తీసి, పళ్లెంలో పెట్టి అగ్గిపుల్లతో అంటించండి. వెంట్రుకలు కాలిన వాసన వచ్చి, బూడిద వేళ్ల మధ్య పొడి అయితే పట్టు. కరిగి గట్టి ముత్యంలా మిగిలితే పాలియెస్టర్. ఇది తెలియకుండా డ్రై క్లీనింగ్‌కూ ఇస్త్రీకీ ఇవ్వకండి.

జరీ ఏ రకం. చీర తిరగేసి, అంచు వెనక తెగిన జరీ పోగు ఏదైనా ఉందేమో చూడండి. అసలు జరీలో పట్టు దారం మీద వెండి తీగ చుట్టి, దానికి బంగారు పూత పూస్తారు. లోపలి దారం సాధారణంగా ఎర్రగా ఉంటుంది. రెండో రకంలో వెండికి బదులు రాగి తీగ. ఇది కాలక్రమంలో ఎర్రబారుతుంది, తేమకు పచ్చగా చిలుము పడుతుంది. మూడోది ప్లాస్టిక్ జరీ. ఇది నల్లబడదు కానీ వేడికి ముడుచుకుపోతుంది. ఇస్త్రీ చేసేవాళ్లకు ఈ సంగతి మీరే చెప్పాలి.

నల్లబడిన జరీని టూత్‌పేస్టుతో, చింతపండుతో రుద్దే ప్రయోగాలు చేయకండి. పైనున్న పూత పోతుంది, చుట్టుపక్కల పట్టు రంగు దిగుతుంది. కొద్దిగా మసకబారిన జరీ పాత చీరకు ఎంతో హుందాగా ఉంటుంది. దాన్ని అలాగే ఉండనివ్వండి.

## 4. కట్టాలా, వేరే రూపంలోకి మార్చాలా

పరీక్షలో తేలినదాన్ని బట్టి ఇలా నిర్ణయించుకోండి.

- మడతలు గట్టిగా ఉన్నాయి, మరకలు మాత్రమే ఉన్నాయి: చీరగానే కట్టండి.
- ఒకటి రెండు చోట్ల చిరుగు, మిగతాది గట్టిగా ఉంది: రఫూ చేయించి కట్టండి.
- పైట నీరసించింది, ఒళ్లు గట్టిగా ఉంది: పైట వెనక అదే రంగు సన్నటి నెట్ గుడ్డ వేయించండి. బరువు నెట్ మోస్తుంది.
- ఒళ్లంతా చిట్లుతోంది, అంచు బాగుంది: అంచు విప్పించి కొత్త గుడ్డకు వేయించండి.
- అంతా చిట్లుతోంది: కట్టకండి. పైట ముక్కను లైనింగ్ మీద వేసి జాకెట్టుకో, పాపాయి పరికిణీకో వాడండి.

చీరను కత్తిరించే నిర్ణయం ఒక్క రోజులో తీసుకోకండి. అమ్మ ఉంటే అమ్మను, అత్తగారి చీరైతే ఆవిడను అడగండి. ఒకసారి కత్తెర పడితే ఇక అంతే. నన్నడిగితే, కట్టగలిగే స్థితిలో ఉన్న చీరను లెహంగా చేయించడం తొందరపాటు. లెహంగా ఒకరి కొలతకే సరిపోతుంది, చీరైతే ఇంట్లో నలుగురూ కట్టొచ్చు.

"పాత పట్టుచీరలు కొంటాం" అని వీధిలో అరుస్తూ వచ్చేవాళ్లకు తొందరపడి ఇవ్వకండి. వాళ్లు ముఖ్యంగా చూసేది జరీలోని వెండినే. వాళ్లిచ్చే డబ్బుతో అలాంటి అంచు మళ్లీ కొనలేం.

పాత చీరల్లో కొన్నిటి పన్నా 44, 45 అంగుళాలే ఉంటుంది. ఇప్పటి పొడుగమ్మాయిలు కడితే చీలమండ పైకి నిలబడుతుంది. కింద కొత్త అంచు అతికించాల్సిన పనిలేదు. పైన, లంగాలోకి దోపుకునే అంచుకు 3 అంగుళాల కాటన్ పట్టీ కుట్టించండి. పట్టీ లోపలే ఉండిపోతుంది, చీర కిందికి దిగుతుంది.

## 5. ముందు రఫూ, తర్వాత శుభ్రం

చిరుగు ఉన్న చీరను డ్రై క్లీనింగ్‌కు ఇస్తే మెషీన్‌లో అది పెద్దదవుతుంది. ముందు రఫూ చేయించండి. రఫూ చేసే మనిషికి చీర లోపలి కొస నుంచి తీసిన దారం వాడమని చెప్పండి. అదే చీర దారమైతే రంగు కలిసిపోతుంది, వెతికినా కనిపించదు.

రఫూకు, డ్రై క్లీనింగ్‌కు ఇచ్చేముందు ఫోన్‌లో ఫోటోలు తీసుకోండి: అంచు, పైట, ప్రతి మరక. నా చీర ఒకటి తిరిగొచ్చినప్పుడు పైటకు కొత్త మరక కనిపించింది. "ముందే ఉందండీ" అన్నారు. నా దగ్గర రుజువు లేదు, ఇంటికొచ్చి చాలా బాధపడ్డాను. అప్పటి నుంచి ఫోటో తీయకుండా ఏ చీరా గడప దాటలేదు.

పాత ఫాల్‌ను ఈ దశలోనే విప్పేయండి. దాని కింద ఏళ్ల తరబడి మట్టి గీతలా పేరుకుని ఉంటుంది. ఫాల్‌తో సహా ఉతికిస్తే ఆ మట్టి అక్కడే ఉండిపోతుంది.

మరకల విషయం:

- నూనె, నెయ్యి: తాజా మరకైతే టాల్కమ్ పౌడరు చల్లి రాత్రంతా వదిలేసి దులపండి. పాతదైతే డ్రై క్లీనింగే. నీళ్లు తగలనివ్వకండి.
- పసుపు: బురుజుపేట కనకమహాలక్ష్మి గుడిలో భక్తులే అమ్మవారికి స్వయంగా పసుపు, కుంకుమ సమర్పిస్తారు కాబట్టి మన ఊరి చీరల కొంగులకు పసుపు తగలడం మామూలే. పట్టుకు సబ్బు పెడితే పసుపు ఎర్రబడుతుంది, దాంతో కంగారుపడి ఇంకా రుద్దుతారు. రుద్దకండి. కాటన్ అయితే ఉతికి ఎండలో వేస్తే రెండు మూడు ఎండలకు వెలిసిపోతుంది. పట్టు అయితే డ్రై క్లీనింగ్ వాళ్లకు "ఇది పసుపు" అని చోటు చూపించి చెప్పండి.
- చెమట: పాత చెమట మరక పసుపుపచ్చగా మారి ఉంటుంది, అక్కడ పట్టు కూడా నీరసించి ఉంటుంది. మరక పోవడం కన్నా గుడ్డ నిలబడుతుందా లేదా అన్నది ముందు చూడండి.
- తుప్పు: పిన్నీసుతో సహా మడత పెట్టేసిన చీరలకు ఇది ఖాయం. తెల్ల కాటన్ మీద నిమ్మరసం, ఉప్పు పనిచేస్తాయి. పట్టు మీద, జరీ మీద వద్దు.

రంగు పట్టుచీరను ఇంట్లో ఉతకాలనే ఆలోచనే వస్తే, ముందు లోపలి కొసను తడిపి తెల్లగుడ్డతో అద్ది చూడండి. గుడ్డకు రంగు అంటితే అక్కడితో ఆపేయండి. జరీ లేని సాదా పట్టు, రంగు దిగనిదైతే చల్లటి నీళ్లలో కొద్దిగా కుంకుడు రసం కలిపి ముంచి తీయొచ్చు. మామూలు బట్టల పౌడర్లు వద్దు. మాంసకృత్తుల మరకలను కరిగించే ఎంజైములు వాటిలో చాలావాటిలో ఉంటాయి, పట్టు కూడా మాంసకృత్తే. బ్లీచింగ్ అయితే పట్టును తినేస్తుంది.

## 6. ఫాల్: చిన్న పనే, కానీ చీర అందం దీని మీదే

ఒకసారి నా చీర అంచు కింద అలలు అలలుగా ముడతలు పడి, ఎంత ఇస్త్రీ చేసినా సర్దుకోలేదు. చీర పాడైందనుకుని అక్కయ్యపాలెంలో మాకు అలవాటైన టైలర్ దగ్గరికి తీసుకెళ్లాను. ఆయన అంచు తిరగేసి, వేలితో తడిమి, "సీరకేటీ అవ్వలేదమ్మా, ఫాలే ముడుసుకుపోయింది" అన్నాడు. పది నిమిషాల్లో ఫాల్ విప్పేశాడు. అంచు తనంతట తనే సాఫీగా జారింది.

కాటన్ ఫాల్ తడికి ముడుచుకుంటుంది, పట్టు అంతగా ముడుచుకోదు. రెండింటినీ కలిపి కుట్టేశాక ముడుచుకున్నది రెండోదాన్ని లాగుతుంది.

- కొత్త ఫాల్ కొనగానే రాత్రంతా నీళ్లలో నానబెట్టి, ఆరబెట్టి, ఇస్త్రీ చేసి అప్పుడు టైలర్‌కు ఇవ్వండి.
- ఫాల్ రంగు చీర ఒంటికి కాదు, అంచుకు కలవాలి.
- పాత పట్టుకు మెషీన్ కుట్టు వేయించకండి. చేతికుట్టే వేయమని అడగండి. మెషీన్ సూది వేసే రంధ్రాల వరుస వెంట నీరసమైన పట్టు చిరుగుతుంది.
- పాత ఫాల్ కుట్టు పడిన గీత మీదే మళ్లీ కుట్టకుండా, నూలుపోగంత పక్కకు జరపమనండి.
- కొంగు చివర పికో ఊడిపోతే దాన్నీ ఇప్పుడే సరిచేయించండి. కుచ్చులు వేయించాలనుకుంటే ఇస్త్రీ అయ్యాక వేయించండి.

## 7. జాకెట్టు

పాత చీర కట్టడంలో అసలు టెన్షన్ చీరతో కాదు, జాకెట్టుతోనే. చీర ఎవరికైనా సరిపోతుంది. జాకెట్టు పదేళ్ల కిందటి మన ఒంటికి కుట్టింది.

ముందు పాత జాకెట్టు తిరగేసి, పక్క కుట్ల దగ్గర లోపల ఎంత గుడ్డ వదిలారో చూడండి. మంచి టైలర్ రెండు వైపులా అంగుళం దాకా వదిలి ఉంటాడు. అంటే మొత్తం మీద రెండు మూడు అంగుళాలు వదులు చేయొచ్చు. విప్పినప్పుడు పాత కుట్టు గీత ముదురు రంగులో కనిపిస్తుంది. దాని మీదుగా సన్నటి పైపింగ్ వేయిస్తే డిజైన్‌లా ఉంటుంది.

తర్వాత చంక భాగం. వెలుతురుకు ఎత్తి చూడండి, వేళ్లతో మెల్లగా లాగండి. అక్కడ పట్టు పుచ్చిపోయి ఉంటే ఆ జాకెట్టును వదులు చేయించినా లాభం లేదు. చేతులెత్తి అక్షింతలు వేసేసరికి చిరుగుతుంది. మా ఇంట్లో అమ్మ పెళ్లి జాకెట్లన్నీ అలాగే పోయాయి, చీరలు మాత్రం మిగిలాయి. అలాంటి జాకెట్టుకు చేతుల అంచు బాగుంటే విప్పి దాచుకోండి, కొత్త జాకెట్టు చేతులకు వేయించొచ్చు.

కొత్త జాకెట్టుకు అచ్చం అదే రంగు వెతకకండి. పాత రంగు కొద్దిగా వెలిసి ఉంటుంది, పక్కన కొత్త గుడ్డ పెడితే ఆ వెలిసినతనం ఇంకా బయటపడుతుంది. అంచు రంగో, పూర్తిగా వేరే రంగో తీసుకోండి. ముదురాకుపచ్చ అంచు చీరకు ఆకుపచ్చ రా సిల్క్, మెరూన్ చీరకు మంగళగిరి కాటనో, కలంకారీయో చాలా బాగుంటాయి. మే నెల పెళ్లయితే వైజాగ్ ఉక్కపోతకు కాటన్ జాకెట్టంత హాయి ఇంకోటి లేదు.

పూర్ణా మార్కెట్టు, డాబాగార్డెన్స్, జగదాంబ చుట్టుపక్కల తిరిగేటప్పుడు చీర మొత్తం విప్పి చూపించక్కర్లేదు. విప్పిన పాత ఫాల్ కింద చీర రంగు వెలవకుండా ఉంటుంది కాబట్టి దాన్ని చూసి రంగు ఎంచుకోకూడదు. కొంగు భాగాన్ని చిన్న సంచిలో పైకి వచ్చేలా మడిచి పట్టుకెళ్లండి. గుడ్డ నచ్చాక షాపు గుమ్మం దగ్గరికి తెచ్చి పగటి వెలుతురులో పక్కపక్కన పెట్టి చూడండి. లోపలి లైట్ల కింద ఒకటే అనిపించిన రెండు రంగులు బయట వేర్వేరుగా కనిపించడం మామూలే. అందుకే సాయంత్రం ఆరు దాటాక గుడ్డ కొనకండి.

టైలర్‌కు చెప్పాల్సినవి:

- లైనింగ్ గుడ్డను ముందే తడిపి ఆరబెట్టి కుట్టాలి.
- రెండు పక్కలా అంగుళం గుడ్డ లోపల వదలాలి. వచ్చే పదేళ్లకు ఇదే అక్కరకొస్తుంది.
- హుక్కులు ఇత్తడివి వేయాలి.
- చంకలో విడిగా తీసి ఉతుక్కునే కాటన్ ప్యాడ్ పెట్టాలి.

ట్రయల్‌లో అద్దం ముందు నిలబడితే చాలదు. చేతులెత్తి జడలో పువ్వులు పెట్టుకుంటున్నట్టు, వంగి పెద్దల కాళ్లకు దణ్ణం పెడుతున్నట్టు, కింద కూర్చుని లేస్తున్నట్టు చేసి చూడండి. ఈ మూడూ ఇబ్బంది లేకుండా అయితే జాకెట్టు సరిపోయినట్టే.

## 8. పంచె, సూటు, పరికిణీ

తెల్ల కాటన్ పంచె పసుపుబారితే సబ్బునీళ్లలో నానబెట్టి ఉతికి, చివరి నీళ్లలో కొద్దిగా నీలిమందు, పలుచటి గంజి పెట్టి, ఎండలో ఆరబెట్టండి. పట్టుపంచెకు ఇవేవీ వద్దు, పైన చీరకు చెప్పినవే దానికీ.

సూటులో ముందు చూడాల్సింది ప్యాంటు నడుము. వెనక కుట్టులో గుడ్డ వదిలి ఉంటే ఒకటిన్నర అంగుళం దాకా పెంచొచ్చు. కోటు భుజాలు బిగుతైతే దాన్ని సరిచేయడం కష్టం. ప్యాంటు ఒక్కటే ఉంచుకుని, పైన కుర్తా, నెహ్రూ జాకెట్టు వేసుకోండి.

పిల్లల పట్టుపరికిణీకి నడుము దగ్గర, కింద మడతల్లో కుట్లు వేసి ఉంటాయి. అవి విప్పితే రెండేళ్లకు సరిపడా పొడవు వస్తుంది. విప్పిన గీత కనిపిస్తే దాని మీద సన్నటి జరీ లేసు వేయించండి.

చెప్పులు, బూట్ల గురించి ఎవరూ ఆలోచించరు. ఏళ్ల తరబడి పెట్టెలో ఉన్న బూట్ల మెత్తటి సోలు మన తేమకు లోపలే పెళుసుబారిపోతుంది. చూడ్డానికి కొత్తగానే ఉంటాయి, హాల్లో పది అడుగులు వేయగానే సోలు ముక్కలై రాలుతుంది. వేసుకుని ఇంట్లో 20 నిమిషాలు నడవండి.

## 9. పది రోజుల ముందు రిహార్సల్, మూడు రోజుల ముందు ఇస్త్రీ

లంగా, జాకెట్టు, నగలు, చెప్పులతో సహా అన్నీ వేసుకుని అరగంట ఇంట్లో పనులు చేసుకోండి. ముందు నుంచీ, వెనక నుంచీ ఫోటోలు తీయించుకోండి. అద్దంలో దొరకని తప్పు ఫోటోలో దొరుకుతుంది. తేలిన సమస్యను సరిచేయడానికి ఇంకా పది రోజులుంటాయి.

పాత పట్టు మీద నేరుగా పిన్నీసు గుచ్చకండి. భుజం దగ్గర పైట మడతల కింద చిన్న గుడ్డముక్క పెట్టి, దానితో కలిపి గుచ్చండి, లాగుడు గుడ్డముక్క మీద పడుతుంది. బీచ్ రోడ్డు వైపు ఆరుబయట రిసెప్షనైతే గాలికి పైట తెరచాపలా లేస్తుంది. అక్కడ పైటను మడతలు పెట్టి కట్టండి, సింగిల్ పైట వదలకండి. సింహాచలం కొండ మీద పెళ్లయితే మెట్లూ జనమూ ఉంటాయి కాబట్టి కుచ్చిళ్లు అర అంగుళం పైకి పెట్టుకోండి.

ఇస్త్రీ తిరగేసి, పైన కాటన్ గుడ్డ వేసి, పట్టుకు తగిన తక్కువ వేడిలో. నీళ్లు చల్లొద్దు, చుక్కలు చుక్కలుగా మరకలు పడతాయి. మడతల్లో నీరసం కనిపించిన చీరను రోలింగ్‌కు (రోలర్ల మధ్య లాగి సాఫీ చేయడానికి) ఇవ్వకండి. ఆ రోలర్ల లాగుడు పాత పట్టు తట్టుకోలేదు. ఆవిరి ఇస్త్రీ చాలు. తెచ్చాక మడవకుండా మంచం మీదో, దుప్పటి చుట్టిన కర్రకో వదులుగా చుట్టి ఉంచండి.

## 10. ఆ రోజు సంచిలో

- చీర రంగు దారం ఎక్కించిన రెండు సూదులు
- చిన్న పిన్నీసులు, గుడ్డముక్కలు
- టాల్కమ్ పౌడరు, తెల్ల చేతిరుమాళ్లు రెండు
- ఒడిలో వేసుకోవడానికి పెద్ద కాటన్ తువ్వాలు (భోజనాల దగ్గర పప్పుచారు పడితే చీర మీద కాకుండా దీని మీద పడాలి)
- ఇంకో జాకెట్టు

సెంటు, డియోడరెంట్ చీర కట్టక ముందే రాసుకుని ఆరనివ్వండి. మల్లెపూల దండ తడి భుజం మీద మరకవుతుంది, నీళ్లు చల్లిన పూలను గుడ్డతో అద్ది పెట్టుకోండి.

చీర చిరిగితే? పిన్నీసు వద్దు. చిరుగు రెండు కొసల దగ్గర చెరో నాలుగు కుట్లు వేసి ఆపండి, మధ్యలో వదిలేయండి. కొసలు ఆగితే చిరుగు పెరగదు.

"ఇది పోయిన పెళ్లికి కట్టిందే కదా?" అని ఎవరైనా అడిగితే "అవును పిన్నీ, మా అమ్మది, బాగుంది కదా" అనండి. నాకు ఎదురైన ప్రతిసారీ ఆ మాట తర్వాత అడిగినావిడ చేయి చాచి అంచు తడిమి చూసింది, తన బీరువాలోని చీర గురించి చెప్పడం మొదలుపెట్టింది.

## 11. ఇంటికొచ్చాక

అలిసిపోయి ఉంటారు, అయినా చీర విప్పగానే మడిచి లోపల పెట్టకండి. రాత్రంతా ఫ్యాన్ కింద పరిచి, మర్నాడు పగలు ఇంకోసారి గాలి పట్టించండి. పిన్నీసులన్నీ తీశారో లేదో చేత్తో తడిమి చూడండి. మరక పడి ఉంటే వారంలోపే డ్రై క్లీనింగ్‌కు ఇవ్వండి. మరక లేకపోతే ప్రతిసారీ ఇవ్వక్కర్లేదు.

ఉతికిన పాత తెల్ల పంచె గుడ్డలో చుట్టండి. మడతల మధ్య గుడ్డను చుట్టలా పెడితే మడత వాడిగా విరగదు. కలరా ఉండలు జరీకి తగలకూడదు. ఎండు వేపాకు, లవంగాలు చిన్న గుడ్డమూటలో కట్టి అర మూలన పెట్టండి. బరువైన పట్టుచీరను హ్యాంగరుకు వేలాడదీయకండి. మూడు నెలలకోసారి తీసి, పాత మడతలు వదిలి కొత్త చోట మడవండి. వానాకాలం వెళ్లాక ఒకసారి తప్పనిసరి.

చివరగా ఒక చిన్న చీటీ. పెన్నుతో కాదు, సిరా అంటుతుంది, పెన్సిలుతో రాయండి: ఏ తేదీన, ఎవరి పెళ్లికి, ఎవరు కట్టారు, ఏ జాకెట్టు, ఎక్కడ రఫూ చేయించారు, మడత ఎప్పుడు మార్చారు. చీరకు తగలకుండా బయటి పంచె గుడ్డ ముడిలో దోపండి. మా అమ్మ మెరూన్ చీర చీటీ మీద ఇప్పుడు నాలుగు వరుసలున్నాయి. మొదటి వరుసలో "మోకాలి దగ్గర చిరుగు, రఫూ అయింది" అని ఉంది, ఆఖరి వరుసలో మా అక్క కూతురి పేరు ఉంది.